నెల తప్పడం వేరు, నెలలు గాడి తప్పడం వేరు: నలభైల్లో పీరియడ్స్‌కి ఏమవుతుంది

క్లుప్తంగా: నలభై దాటుతున్న వాళ్లలో డేట్లు ముందుకీ వెనక్కీ జరగడానికి ఎక్కువసార్లు కారణం అండం విడుదల కాని నెలలు పెరగడమే. రెండు నెలలు అసలు రాకపోవడం, వచ్చినప్పుడు పది రోజులు ధారగా పోవడం, చూడ్డానికి రెండు వేర్వేరు సమస్యల్లా ఉంటాయి కానీ చాలాసార్లు మూలం ఒక్కటే. అయితే ప్రెగ్నెన్సీ, థైరాయిడ్, కొన్ని మామూలు గ్యాస్ టాబ్లెట్లు కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి అంతా వయసు మీదకి నెట్టేయడం కుదరదు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది, తాత్కాలికమైన ఈ తేడాకి గర్భసంచి తీసేయడమనే శాశ్వత పరిష్కారం దేశంలో ఎక్కడా లేనంతగా ఇక్కడ జరుగుతోంది.

తెలుగులో "నెల తప్పింది" అంటే ఒకటే అర్థం, కడుపుతో ఉందని. పాతికేళ్లప్పుడు ఆ మాట వింటే ఇంట్లో స్వీట్లు పంచుతారు, అదే నలభై నాలుగేళ్లప్పుడు నెల తప్పితే ఆ సంగతి ఎవరికీ చెప్పుకోరు, ఎందుకంటే దానికి సరైన మాట కూడా లేదు. "ముట్లుడగడం" అని పాత మాట ఒకటుంది కానీ అది పూర్తిగా ఆగిపోయినదానికి వాడేది, ఆగిపోవడానికి ముందు నాలుగైదేళ్లు సాగే ఈ గందరగోళానికి కాదు. డాక్టర్లు దీన్ని పెరిమెనోపాజ్ అంటారు. పేరు లేకపోవడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, పేరు లేనిదాన్ని జనం జబ్బు కింద లెక్కేస్తారు, జబ్బు అన్నాక దాన్ని తీసిపారేయాలని చూస్తారు, ఇక్కడ జరుగుతున్నది చాలావరకు అదే.

నిల్వ తగ్గుతున్న కొద్దీ

ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల దాకా అండాల సంచులు ఉంటాయి. వీటిని ఫాలికిల్స్ అంటారు. కొత్తగా తయారవ్వడమంటూ ఉండదు, ఉన్నవి తరగడమే. పెద్దమనిషి అయ్యే వయసుకి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, ముప్పై ఏడు ముప్పై ఎనిమిదేళ్లకి పాతిక వేల దగ్గరికొస్తాయి, పీరియడ్స్ పూర్తిగా ఆగే నాటికి వెయ్యి అటూ ఇటూ. నెలకి ఒక్కటే విడుదలైతే లక్షలెలా ఖర్చయ్యాయి అనే డౌట్ చాలామందికి వస్తుంది. ప్రతి నెలా ఒక గుంపు పెరగడం మొదలెడుతుంది, అందులో ఒకటి ముందుకెళ్తుంది, మిగతావి వాటంతట అవే కరిగిపోతాయి, ప్రెగ్నెన్సీలో ఉన్నా పిల్స్ వాడుతున్నా ఈ కరిగిపోవడం మాత్రం ఆగదు.

పెరిగే ఫాలికిల్స్ నుంచి ఇన్‌హిబిన్ అనే హార్మోన్ వస్తుంది, ఇది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి "చాలు, ఇంక తోయకు" అని చెప్పే హార్మోన్ అన్నమాట. నిల్వ తగ్గేకొద్దీ ఆ మాట మెల్లగా వినిపిస్తుంది. దాంతో పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఇంకా గట్టిగా పంపిస్తుంది, మిగిలిన కొద్ది ఫాలికిల్స్ ఆ తోపుకి కొన్నిసార్లు తొందరగా పండిపోతాయి, కొన్నిసార్లు అసలు స్పందించవు. ఈస్ట్రోజెన్ ఈ దశలో మెట్లు దిగినట్టు తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఒక నెల బాగా పడిపోయి, పై నెల ముప్పై ఏళ్లప్పటి కంటే ఎక్కువకి ఎగిసిన సందర్భాలు కూడా ఉంటాయి. రొమ్ములు సలపడం, చిరాకు, ఒళ్లంతా ఆవిర్లు ఒకే మనిషిలో వారం తేడాతో కనిపించేది అందుకే.

ఒక గోడ క్యాలెండర్

ఉదాహరణకి వంటింట్లో గ్యాస్ బండ పక్కన వేలాడే క్యాలెండర్ ఒకటి ఊహించుకుంటే, అందులో పాల లెక్కతో పాటు పెన్సిల్‌తో చిన్న సున్నాలు కూడా ఉన్నాయనుకుందాం. నలభై నాలుగేళ్ల ఆవిడది. జనవరి 4, జనవరి 28, ఫిబ్రవరి 20, మార్చి 24, ఆ తర్వాత ఏప్రిల్ మే ఖాళీ, జూన్ 2. మధ్య రోజులు లెక్కేస్తే 24, 23, 32, 70.

మొదటి రెండూ ఆవిడకి "తొందరగా వచ్చేస్తోంది" అనిపించిన నెలలు. ఎఫ్‌ఎస్‌హెచ్ గట్టిగా తోయడంతో ఫాలికిల్ పద్నాలుగు రోజులకి కాకుండా పదికే పండిపోయింది, అండం విడుదలైన తర్వాతి సగం మాత్రం దాదాపు మామూలుగానే ఉంది, అందుకే మొత్తం మీద నాలుగైదు రోజులు తగ్గింది. చాలామందిలో మార్పు మొదలయ్యేది ఇలా దగ్గర పడటంతోనే, దూరం అవ్వడం తర్వాత. మూడోది 32 రోజులు, విడిగా చూస్తే అందులో తప్పేం లేదు, 24 నుంచి 38 రోజుల మధ్య ఏదైనా మామూలే అని గైనిక్ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఫిగో చెప్తుంది. కానీ పక్కపక్క నెలల మధ్య ఏడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ తేడా పదే పదే రావడం మొదలైతే అది పెరిమెనోపాజ్ మొదటి దశ, ఒకసారి 60 రోజులు దాటి రాకపోతే రెండో దశ. స్ట్రా అనే అంతర్జాతీయ వర్గీకరణ 2011లో సవరించినప్పుడు పెట్టుకున్న గీతలివి. రెండో దశ మామూలుగా ఒకటి నుంచి మూడేళ్లు సాగుతుంది.

క్యాలెండర్‌లో ఆ 70 రోజుల ఖాళీ అసలు కథ. ఆవిడ ఆ రెండు నెలలూ "ఆగిపోయిందేమో" అనుకుని ఉంటారు, జూన్ 2న మొదలైంది పదకొండు రోజులు ఆగలేదు, గడ్డలు గడ్డలుగా పోయింది.

రాకపోవడం, ఆగకపోవడం

అండం విడుదలైన చోట మిగిలే భాగం ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. గర్భసంచి లోపలి పొరని పెంచేది ఈస్ట్రోజెన్ అయితే, పెరిగినదాన్ని నిలకడగా ఉంచి తర్వాత ఒకేసారి శుభ్రంగా రాలిపోయేలా చేసేది ప్రొజెస్టెరాన్. గోడకి ఇటుకలు పేర్చేది ఒకరు, సిమెంటు పెట్టేది ఇంకొకరు అనుకోవచ్చు. అండం విడుదల కాని నెలలో రెండో మనిషి పనిలోకి రాడు, ఇటుకలు మాత్రం పేరుతూనే ఉంటాయి. రాల్చే సిగ్నల్ లేదు కాబట్టి డేట్ రాదు. వారాలు గడిచాక ఆ పొర తన బరువు తను మోయలేక ఒకచోట ఇవాళ ఇంకోచోట నాలుగు రోజులాగి ముక్కలుగా కూలుతుంది, అందుకే రక్తస్రావానికి మొదలూ చివరా ఉండదు.

అంటే ఏప్రిల్, మేలలో రాకపోవడమూ జూన్‌లో ఆగకపోవడమూ ఒకటే సంఘటనకి రెండు చివరలు. "రెండు నెలల చెడు రక్తం పేరుకుపోయి ఒకేసారి పోతోంది" అని పెద్దవాళ్లనే మాటలో సగం నిజం ఉంది, పేరుకున్నది రక్తం కాదు పొర, అందులో చెడు ఏమీ లేదు. "వేడి చేసింది" అనేదానికి మాత్రం ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు, బొప్పాయి మానేసినా మజ్జిగ తాగినా ప్రొజెస్టెరాన్ రాదు.

సిమెంటు లేకుండా ఇటుకలు ఏళ్ల తరబడి పేరితే మాత్రం ప్రమాదమే. పొర కణాలు అదుపు తప్పి హైపర్‌ప్లేసియా అనే స్థితికి, కొంతమందిలో అక్కడి నుంచి క్యాన్సర్‌కి వెళ్లొచ్చు. లావుగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, చిన్నప్పటి నుంచి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో ఈ రిస్క్ ఎక్కువ, ఎందుకంటే కొవ్వు కణాలు కూడా సొంతంగా కొంత ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి, అండాశయం అలిసిపోయినా ఆ సరఫరా ఆగదు.

పెద్దమనిషి అయినప్పుడు జరిగిందే

పన్నెండేళ్ల పిల్ల పెద్దమనిషి అయ్యాక మొదటి రెండు మూడేళ్లు డేట్లు ఇలాగే ఉంటాయి. ఒకసారి ఇరవై రోజులకి, ఒకసారి మూడు నెలలకి, ఒకసారి స్కూల్ డ్రెస్ తడిసేంత. అక్కడా కారణం అండం విడుదల కాకపోవడమే, కాకపోతే అక్కడ పిట్యూటరీ ఇంకా నేర్చుకుంటోంది, ఇక్కడ అండాశయం విరమించుకుంటోంది. రెండింటి మధ్యా తేడా చుట్టూ ఉన్నవాళ్ల స్పందనలో ఉంది. పిల్ల విషయంలో "సర్దుకుంటుందిలే" అంటారు, తల్లి విషయంలో "స్కాన్ తీయించు, సంచిలో ఏదో ఉంది" అంటారు. పిల్లకి హీమోగ్లోబిన్ చూపించాలనీ తల్లికి కాస్త ఓపిక పట్టమనీ చెప్పేవాళ్లు తక్కువ.

వయసు మీదకి నెట్టేసే ముందు

మొదట చూడాల్సింది ప్రెగ్నెన్సీనే. నలభై నాలుగులో అవకాశం తక్కువ, లేదని కాదు, ఎందుకంటే ఈ దశలో ఏ నెల అండం విడుదలవుతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లల ఆపరేషన్ అయిపోయిందిగా అని కొట్టిపారేయడం కూడా సరికాదు, ట్యూబెక్టమీ తర్వాత పదేళ్లలో వెయ్యి మందిలో పద్దెనిమిది మందికి పైగా గర్భం వచ్చినట్టు క్రెస్ట్ అనే పెద్ద అమెరికన్ స్టడీలో తేలింది, అందులో కొన్ని ట్యూబులో నిలిచి ప్రాణం మీదకి తెచ్చేవి. మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్ ఒకటి చాలు, ఆశా కార్యకర్త దగ్గర ఊరికే కూడా దొరుకుతుంది.

అదే క్రెస్ట్ స్టడీ ఇంకో నమ్మకాన్ని కూడా తేల్చింది. ఆపరేషన్ అయ్యాక పీరియడ్స్ పాడయ్యాయని ఇక్కడ ఊరూరా అంటారు. 2000లో వచ్చిన ఆ ఫలితాల్లో దాదాపు 9,500 మంది ట్యూబెక్టమీ అయిన ఆడవాళ్లని, తాము కాకుండా భర్తలు ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లతో పోల్చి చూశారు, పీరియడ్స్ సమస్యలు ట్యూబెక్టమీ అయినవాళ్లలో ఎక్కువేం లేవు. ట్యూబు కట్టేసినా అండాశయం దాని పని అది చేసుకుంటుంది. మరి ఆ నమ్మకం ఎందుకు అంత గట్టిగా ఉందంటే, ఆంధ్రా తెలంగాణల్లో చాలామందికి పాతికేళ్లలోపే ఆపరేషన్ అయిపోతుంది, ఆ తర్వాత ఒంట్లో వచ్చే ప్రతి మార్పుకీ వెనక్కి చూస్తే కనిపించే ఒకే ఒక్క పెద్ద గుర్తు అదే.

థైరాయిడ్ తక్కువైతే రక్తస్రావం ఎక్కువవుతుంది, డేట్లు చెదురుతాయి, ఎక్కువైతే పీరియడ్స్ పలచబడతాయి లేదా రావు. ఒక టీఎస్‌హెచ్ టెస్టుతో తేలిపోయే విషయం. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగినా అండం విడుదల ఆగుతుంది, మనదేశంలో దీనికి ఎవరూ అనుమానించని కారణం ఒకటుంది, గ్యాస్ టాబ్లెట్లు. పాంటాప్రజోల్‌తో డోంపెరిడోన్ గానీ లెవోసల్‌పిరైడ్ గానీ కలిపి వచ్చే క్యాప్సూల్స్ ప్రిస్క్రిప్షన్ లేకుండానే నెలల తరబడి పొద్దున్నే పరగడుపున వేసుకునేవాళ్లున్నారు. పాంటాప్రజోల్‌తో కలిపిన ఆ మందు, రెండిట్లో ఏదైనా, ప్రొలాక్టిన్‌ని అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, డోపమైన్ అదుపు తొలగితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, డేట్ వెనక్కి పోతుంది, ఒక్కోసారి రొమ్ముల్లో పాలు కూడా వస్తాయి. డాక్టర్ "ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా" అంటే "ఏం లేదండీ" అనే చెప్తారు, గ్యాస్ టాబ్లెట్‌ని మందు కింద ఎవరు లెక్కేస్తారు!

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఊరికే ఇచ్చే ఛాయా గర్భనిరోధక మాత్రలు కూడా డేట్‌ని ఆలస్యం చేస్తాయి, అది ఆ మందు స్వభావమే. ఇక పెళ్లిళ్లకీ వ్రతాలకీ తిరుపతి ప్రయాణాలకీ డేట్ వాయిదా వేసుకునే నోరెథిస్టెరాన్ మాత్రల సంగతి వేరే చెప్పక్కర్లేదు. శ్రావణమాసంలో ఒకటి, దసరాకి ఒకటి, కార్తీకంలో ఇంకొకటి అని కోర్సులు వేసుకుంటూ పోతే ఏ నెల తేడా ఒంటిదో ఏది మాత్రదో క్యాలెండర్ చూసి కూడా చెప్పలేం. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ఈ మాత్రలు సొంతంగా వేసుకోవడం ప్రమాదకరం కూడా.

గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్స్), పాలిప్స్ అనే చిన్న కండ పెరుగుదలలు, లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ లాంటివి మామూలుగా పీరియడ్స్‌ని ఆపవు, ఎక్కువ చేస్తాయి. ఇది గుర్తుపెట్టుకోదగ్గ తేడా, ఎందుకంటే డేట్లు క్రమంగానే వస్తూ ప్రతి నెలా ధారగా పోతుంటే అనుమానం గర్భసంచి నిర్మాణం మీదకి వెళ్తుంది, డేట్లే చెదిరిపోతుంటే హార్మోన్ల మీదకి వెళ్తుంది.

నలభై లోపే మూడు నాలుగు నెలలు వరసగా రాకపోతే దాన్ని పెరిమెనోపాజ్ అని వదిలేయకూడదు. అండాశయాలు ముందే అలిసిపోవడం అనేది వేరే సమస్య, ఎముకలకీ గుండెకీ సంబంధించింది, దానికి వైద్యం కావాలి.

టెస్టు కాగితాలు చెప్పేదీ చెప్పనిదీ

ల్యాబుల్లో విమెన్స్ ప్యాకేజీ అని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఏఎంహెచ్ అనే హార్మోన్ టెస్టులన్నీ కలిపి అమ్ముతున్నారు. నలభై ఐదు దాటి డేట్లు చెదిరిన మనిషికి వీటి అవసరం లేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు నేరుగానే చెప్తున్నాయి. కారణం తేలికే, ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ నెల 40 ఉండి పై నెల 8కి దిగొచ్చు. ఆగిపోయాయని రిపోర్ట్ వచ్చిన మూడు వారాలకే డేట్ వచ్చినవాళ్లు ఎంతోమంది. అలల్లో ఒక్క అల ఫొటో తీసి పోటో పాటో తేల్చమంటే ఎట్లా? నలభైలోపు వాళ్లకి మాత్రం ఈ టెస్టు పనికొస్తుంది, అదీ నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేస్తేనే.

స్కాన్ రిపోర్ట్ ఇంకో భయం. "బల్కీ యుటెరస్" అని రాసుంటుంది, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం మామూలు విషయం. "నాబోతియన్ సిస్ట్" అని ఉంటుంది, అది గర్భాశయ ముఖద్వారంలో జిగురు గ్రంథి మూసుకుపోవడం, దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. "ఎండోమెట్రియల్ థిక్‌నెస్ 13 మి.మీ." అని ఉంటుంది, పీరియడ్స్ ఇంకా వస్తున్న మనిషిలో డేట్‌కి ముందు రోజుల్లో అంత ఉండటంలో వింతేం లేదు. ఈ మూడు మాటలూ ఇంగ్లీషులో బోల్డ్ అక్షరాల్లో చూసి ఇంటికొచ్చేసరికి అవి "సంచి వాచింది, నీటి బుడగలున్నాయి, పొర మందమైంది" అయిపోతాయి. ఆ మూడు ముక్కలు చాలు ఇంటిల్లిపాదినీ ఆపరేషన్‌కి ఒప్పించడానికి.

నిజంగా తేల్చగలిగేది పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే ఎండోమెట్రియల్ బయాప్సీ. 45 దాటిన వాళ్లలో రక్తస్రావం అసహజంగా ఉంటే ఇది ముందు చేయాల్సిన టెస్టని అమెరికా గైనిక్ సంఘం అంటుంది, మన దగ్గర చాలామంది డాక్టర్లు 40 నుంచే చేస్తారు. చాలావరకు ఓపీలోనే అయిపోతుంది. కానీ స్కాన్‌కి ఉన్న క్రేజ్ దీనికి లేదు.

గర్భసంచి లెక్కలో ఆంధ్రా, తెలంగాణ

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. సగానికి పైగా ఆడవాళ్లు చెప్పిన కారణం రక్తస్రావం ఎక్కువవ్వడం లేదా నొప్పి, అంటే ఈ వ్యాసంలో ఇప్పటిదాకా చెప్పుకున్న సమస్యలే. ఆపరేషన్ నాటి సగటు వయసు 34 దగ్గర ఉంది, అయితే సర్వే 49 దాకా వాళ్లనే అడిగింది కాబట్టి యాభై దాటాక చేయించుకున్నవాళ్లు అందులో లేరు, ఆ అంకెని అంత జాగ్రత్తగానే చదవాలి.

అప్పుడప్పుడూ "ఏపీ ఆడవాళ్లకి ముప్పైల్లోనే మెనోపాజ్" అనే హెడ్డింగులు వస్తుంటాయి. వాటి వెనక ఉన్న మెలిక ఏంటంటే, ఈ సర్వేల్లో మెనోపాజ్ లెక్కలోకి ఆరు నెలలుగా పీరియడ్స్ రానివాళ్లతో పాటు గర్భసంచి తీసేసినవాళ్లు కూడా కలుస్తారు. కాబట్టి ఇక్కడి నీళ్లలోనో తిండిలోనో ఏదో ఉండి తొందరగా ఆగిపోతున్నాయని దాని అర్థం కాదు, ఆ అంకెలో పెద్ద వాటా కత్తిది. సహజంగా ఆగే వయసు భారతీయుల్లో సగటున 46-47, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. ఈ నాలుగేళ్ల తేడా మాత్రం నిజమైనదే, చిన్నప్పటి పోషకాహార లోపం, బరువు తక్కువ ఉండటం, పొగతాగడం లాంటివి వయసుని ముందుకి లాగుతాయని తెలుసు.

మరి ఇక్కడే ఇంత ఎక్కువ ఎందుకు అంటే ఒక్క కారణం దొరకదు, ఒకదానికొకటి తగిలించుకున్న గొలుసు కనిపిస్తుంది. పద్దెనిమిది పంతొమ్మిదికి పెళ్లి, ఇరవై మూడుకి ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ మీదే ఆధారపడ్డారు, దేశంలో అది 38 శాతం. అంటే ముప్పై వచ్చేసరికి గర్భసంచి "పని అయిపోయిన" వస్తువు. పొలం పనికో మిల్లుకో వెళ్లే మనిషికి నెలకి పది రోజులు రక్తం పోతే కూలి పోతుంది, మార్చుకోవడానికి బాత్రూమ్ ఉండదు. అప్పుడు ఎవరో "ఎలాగూ పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఎందుకా సంచి, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఆ మాట పక్కింటావిడ అన్నా, ఆర్ఎంపీ అన్నా, పెద్దాస్పత్రిలో అన్నా ఒకేలా పనిచేస్తుంది. ఆమెకి ఆ ఆపరేషన్ ఒక విడుదలలాగే కనిపిస్తుంది, ఆ నిర్ణయాన్ని అమాయకత్వం అని కొట్టిపారేయడం తేలిక, ఆ పది రోజుల బదులు ఏం చూపించామన్నదే అసలు ప్రశ్న.

మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీల్లో ఇదే కథ 2019లో బయటపడింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా గర్భసంచులు తీశారంటూ 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది, అనవసర హిస్టరెక్టమీలని, అంటే గర్భసంచి తీసే ఆపరేషన్లని, ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలకి చెప్పింది. అక్కడ ఇన్సూరెన్స్ డబ్బుల కోసం ఆపరేషన్లు చేశారన్నది ప్రధాన ఆరోపణ. తెలుగు రాష్ట్రాలు ఆ కేసులో లేవు కానీ అంకెల్లో వాటికంటే ముందున్నాయి.

తీసేశాక ఏమవుతుంది

గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు కొనసాగుతాయి, కాకపోతే రక్తసరఫరా కొంత తగ్గడం వల్లో ఏమో అండాశయాలు మామూలు కంటే కొన్నేళ్లు ముందే అలిసిపోతాయని స్టడీలు చూపించాయి. పీరియడ్స్ అనే గుర్తు లేకపోవడంతో అది ఎప్పుడు జరిగిందో కూడా మనిషికి తెలీదు. అండాశయాలు రెండూ తీసేస్తే మాత్రం ఐదారేళ్లలో మెల్లగా జరగాల్సింది రాత్రికి రాత్రే జరిగిపోతుంది. ముప్పై ఐదేళ్లకి ఒంటి ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, ఎముకలు పలచబడటం, గుండె జబ్బుల రిస్క్. ఈ వయసులో తీసేస్తే సహజంగా ఆగే వయసొచ్చేదాకా హార్మోన్లు బయటి నుంచి ఇవ్వాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి, ఇక్కడ ఎక్కువమందికి డిశ్చార్జ్ కాగితంలో కాల్షియం టాబ్లెట్లు మాత్రమే ఉంటాయి. అసలు అండాశయాలు తీశారో ఉంచారో తెలియనివాళ్లు కూడా ఉంటారు, "మొత్తం తీసేశారు" అనే చెప్తారు.

మాత్రకీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్నవి

సిమెంటు లేకపోవడమే సమస్య అయినప్పుడు సిమెంటు బయటి నుంచి ఇవ్వడం మొదటి దారి. నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ మాత్రలు ఇస్తే పొర నిలబడి తర్వాత ఒకేసారి రాలుతుంది. లోపల పెట్టే హార్మోన్ లూప్ ఇంకా మెరుగ్గా పనిచేస్తుంది, లెవోనార్జెస్ట్రెల్‌ని కొంచెం కొంచెంగా నేరుగా పొరకే ఇస్తూ ఐదేళ్ల దాకా రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది, చాలామందికి డేట్లే ఆగిపోతాయి. అది భయపడాల్సిన "ఆగిపోవడం" కాదు, పొర పెరగడం లేదు కాబట్టి రాలడానికేం లేదు. హార్మోన్లు వద్దనుకుంటే రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనామిక్ యాసిడ్ మాత్రలు డేట్ వచ్చిన ఆ నాలుగైదు రోజులకి మాత్రమే వాడొచ్చు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన ఆర్మెలాక్సిఫీన్, అంటే ఛాయాలో ఉన్న మందే, మోతాదు మార్చి ఈ రక్తస్రావానికి కూడా మనదేశంలో డాక్టర్లు ఇస్తుంటారు.

వీటన్నిటి పక్కనే హీమోగ్లోబిన్ చూడాలి. 2019-21 సర్వే ప్రకారం 15-49 ఏళ్లవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. అప్పటికే 9 గ్రాముల దగ్గర ఉన్న మనిషికి పదకొండు రోజుల రక్తస్రావం అంటే మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, ఆ నీరసాన్నంతా "వయసు" అని సరిపెట్టుకోవడం. ఐరన్ నింపితే సగం కష్టం తగ్గిన కేసులు ఎన్నో.

ఆపరేషన్ అసలు ఎప్పుడూ అక్కర్లేదని కాదు. క్యాన్సర్ ఉన్నప్పుడు, కణాలు మారిన హైపర్‌ప్లేసియా ఉన్నప్పుడు, పెద్ద గడ్డలతో మందులన్నీ విఫలమైనప్పుడు అదే సరైన వైద్యం.

పన్నెండు నెలల లెక్క

మెనోపాజ్ అనేది వెనక్కి తిరిగి చూసి మాత్రమే చెప్పగలిగేది. చివరి డేట్ తర్వాత పన్నెండు నెలలు పూర్తిగా ఖాళీగా పోవాలి. పదకొండో నెలలో డేట్ వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. గర్భం రాకుండా జాగ్రత్తలు కూడా దాన్ని బట్టే, యాభై దాటినవాళ్లు చివరి డేట్ తర్వాత ఒక ఏడాది, యాభై లోపు వాళ్లు రెండేళ్లు కొనసాగించమని చెప్తారు.

ఆ లెక్క పూర్తవ్వకముందే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా కొన్ని గంటలు తడవడం, ఎనిమిది రోజులు దాటి పోతూనే ఉండటం, రెండు డేట్ల మధ్యలో మరకలు, కలయిక తర్వాత రక్తం. చివరిది ముఖద్వార క్యాన్సర్ గుర్తు కావొచ్చు, ముప్పై దాటిన ఆడవాళ్లకి దాని స్క్రీనింగ్ ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, కలయిక ఊసెత్తడానికి సిగ్గుపడి చాలామంది డాక్టర్ దగ్గర ఈ ఒక్క ముక్కే మింగేస్తారు.

పన్నెండు నెలలు దాటాక మాత్రం రూలు తిరగబడుతుంది. అంతకుముందు డేట్ రాకపోతే ఆందోళన, ఆ తర్వాత వస్తే ఆందోళన. రెండేళ్లుగా ఏమీ లేని యాభై రెండేళ్లావిడకి పండగ పనుల్లో ఒకరోజు చీర మీద చిన్న మరక కనిపిస్తే "మళ్లీ వయసొచ్చిందే" అని అక్కాచెల్లెళ్లు నవ్వుతారు. అలా రక్తం కనిపించినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి గర్భసంచి పొర క్యాన్సర్ బయటపడుతుంది, మిగతా తొమ్మిది మందికి పొర ఎండిపోవడమో పాలిప్పో అవుతుంది. ఇక్కడ మాత్రం స్కాన్‌లో మందం అంకెకి విలువుంది, 4 మి.మీ. దాటితే ముక్క తీసి చూడాల్సిందే.